పాత జీపులో పక్కదారి వడపోత
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



కావ్యములనుగూర్చియో, కళలనుగూర్చియో ప్రసంగింపవలసిన ఈ వేదికమీద మోటారు ఇంజిను ఆయిలునుగూర్చి మాటాడుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని మనము నివసించునది ద్వీపము. ఇచ్చట యంత్రము చెడినచో విడిభాగము సముద్రము దాటి రావలెను. కనుక ఉన్న యంత్రమును కాపాడుకొనుట మనకు వేడుక కాదు, అవసరము. పాత జీపులను, కార్లను ముచ్చటపడి బాగుచేయించుకొనువారిలో కొందరు తెలియక ఊడదీయించునదియు, కొందరు తెలియక అతిగా నమ్ముకొనునదియు అగు ఒక చిన్న డబ్బానుగూర్చి నాలుగు మాటలు మనవిచేసెదను. దానిపేరు బైపాస్ ఆయిల్ ఫిల్టరు. పక్కదారి వడపోత అని తెలుగున చెప్పుకొనవచ్చును.

తొలినాటి మోటారు కార్లలో ఆయిలును వడగట్టు సాధనమే లేకుండెను. పంపు మూతికి తీగజల్లెడ మాత్రము ఉండెడిది. దానివలన పెద్ద నలుసులు ఆగునుగాని సన్నని మసి, లోహపు పొడి ఆగవు. 1923లో అమెరికాలో ఎర్నెస్ట్ స్వీట్‌ల్యాండ్, జార్జ్ గ్రీన్‌హాల్ష్ అనువారు ప్యూరోలేటరు అను ఫిల్టరును నిర్మించిరి. 1924లో వెలువడిన క్రైస్లరు కారులో అట్టి ఫిల్టరు అమర్పబడినది. తరువాత కొన్ని దశాబ్దములు అనేక వాహనములలో పక్కదారి విధానమే వాడుకలో ఉండెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున విల్లీస్, ఫోర్డ్ సంస్థలు ఆరు లక్షలకు పైగా జీపులను తయారుచేసినవి. వాని ఇంజిను చెంత నిలువుగా బిగింపబడిన డబ్బా ఈ పక్కదారి వడపోతయే. స్వాతంత్ర్యానంతరము మహీంద్రావారు ఆ జీపులను మనదేశమున కూర్చి విక్రయింపసాగిరి. 1952లో సమాజాభివృద్ధి పథకములు ఆరంభమైన పిమ్మట మన పల్లెలలో "జీపు వచ్చినది" అనగా "అధికారి వచ్చినాడు" అనియే అర్థము.

ఇక దాని పనితీరు. ఇంజిను అడుగుతొట్టిలో ఆయిలు నిలిచియుండును. పంపు దానిని తోడి, ఒత్తిడితో పెద్ద కాలువవంటి మార్గమున బేరింగులకు పంపును. ఈ పెద్ద కాలువనుండి ఒక సన్నని గొట్టము చీలి ఫిల్టరు డబ్బాలోనికి పోవును. అచ్చట నూలుపీచుతోనో, కాగితపు మడతలతోనో దట్టముగా కూర్చిన వడపోతగుండ ఆయిలు మెల్లగా ఊరి, ఒత్తిడి విడిచి, మరల అడుగుతొట్టిలో పడును. ఆ మార్గములో ఎక్కడనో ఒకచోట సన్నని రంధ్రమొకటి ఉండును. దాని వ్యాసము తరచుగా ఒకటిన్నర మిల్లీమీటరు మాత్రమే. గోదావరి కాలువలు ఎరిగినవారికి దీనిని చెప్పుట సులభము. పెద్ద కాలువ పారుచుండగా పిల్లకాలువకు కొలతప్రకారము నీరు విడుచు తూమువంటిది ఈ రంధ్రము. తూము లేనిచో పెద్ద కాలువ నీరంతయు పక్కకే పోయి, చివరి పొలము ఎండును.

పంపిన ఆయిలులో సుమారు పదియవవంతు మాత్రమే ఇట్లు పక్కదారి పట్టును. ఇంత కొద్దిపాటి వడపోత ఏమి చాలునని సందేహము కలుగవచ్చును. లెక్కకు, తొట్టిలో నాలుగు లీటర్ల ఆయిలున్నదనియు, నిమిషమునకు ఒక లీటరు ఫిల్టరులోనికి పోవుచున్నదనియు అనుకొందము. వడపోసినది వడపోయనిదానిలోనే వచ్చి కలియును గనుక, నాలుగు నిమిషములకు నూటికి 37 పాళ్లు ఇంకను ఫిల్టరు ముఖము చూడనిదే ఉండును. ఎనిమిది నిమిషములకు అది 14 పాళ్లగును. పన్నెండు నిమిషములకు 5 పాళ్లు. ఇరువది నిమిషములకు ఒక పాలుకన్న తక్కువ. ఓపికయే ఈ సాధనమునకు బలము. పైగా ఆయిలు మెల్లగా పోవుటచే వడపోతను మిక్కిలి దట్టముగా కూర్చవచ్చును. బేరింగులలో ఆయిలు పొర మందము కొద్ది మైక్రానులే. మన తలవెంట్రుక సుమారు 70 మైక్రానులు. ఆ పొరకు సరితూగు సన్నని నలుసులే అరుగుదలకు ముఖ్యకారణము. వానినే ఈ ఫిల్టరు క్రమముగా పట్టును.

అయినను దీనికొక లోపము కలదు. అప్పుడే పుట్టిన నలుసు ఫిల్టరునకు చిక్కుటకు ముందే బేరింగునకు చేరవచ్చును. అందుచేత యుద్ధానంతరము ఆయిలంతయు బేరింగులకు పోవుటకు ముందే వడపోయు ఫుల్‌ఫ్లో విధానము వ్యాపించెను. మన కార్యాలయభాషలో చెప్పవలెనన్న, ప్రతి బిల్లును చెల్లింపునకు ముందే తనిఖీ చేయుట ఫుల్‌ఫ్లో. చెల్లింపులు సాగుచుండగనే విడతకు కొన్ని దస్త్రములు తెప్పించి నిశితముగా పరీక్షించుట బైపాస్. మొదటిది త్వరగా జరుగవలెను గనుక జల్లెడ కొంత ముతక. అది పూడినచో పనియే నిలిచిపోవును. ఆ ఆపద రాకుండ ఆయిలును వడపోయకనే పంపు కవాటమును అందులో అమర్చుదురు. దానినికూడ బైపాస్ వాల్వు అనుటవలన పేర్లు కలగలసిపోవుచున్నవి. ఆ కవాటము వేరు, ఈ ఫిల్టరు వేరు.

మన దీవులలో ఈ విషయమునకు విశేషప్రాధాన్యము కలదు. ఇచ్చట ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షము కురియును. గాలిలో ఎల్లప్పుడు తేమయే. 2024 వరకు పోర్ట్ బ్లెయర్ అనబడిన శ్రీ విజయ పురములో అబర్డీన్ బజారునుండి హడ్డోకుగాని, చాథమునకుగాని పోవు దూరము స్వల్పము. ఇంజిను బాగుగ వేడెక్కకమునుపే గమ్యము చేరుదుము. లోపల పట్టిన చెమ్మ ఆవిరి కాక ఆయిలులో కలిసి మడ్డి కట్టును. ఆ మడ్డియే ఫిల్టరును త్వరగా పూడ్చును.

పక్కదారి వడపోత పూడినను ఇంజిను ఆగదు. ఒత్తిడి చూపు ముల్లు పడిపోదు. పైకి అంతయు సవ్యముగనే ఉండును, లోపల మురికి పేరుకొనుచుండును. కావున యజమానియే కనిపెట్టియుండవలెను. ఇంజిను వేడెక్కిన తరువాత డబ్బాను జాగ్రత్తగా తాకి చూడవలెను. వెచ్చగా ఉన్నచో ఆయిలు పారుచున్నది. చల్లగా ఉన్నచో పూడినదని అనుమానింపవలెను. "ఎక్కువ ఆయిలు పోనిమ్ము" అని సన్నరంధ్రమును పెద్దది చేయింపరాదు. బేరింగులకు ఒత్తిడి తగ్గి అసలుకే మోసము వచ్చును. రబ్బరు గొట్టములు చీకిపోక ముందే మార్పింపవలెను. ఒత్తిడివైపు గొట్టము పగిలినచో తొట్టిలోని ఆయిలంతయు త్వరలోనే రోడ్డు పాలగును. మురికిని కడుగు గుణముగల నేటి ఆయిలును పాత ఇంజినులో తొలిసారి పోయుటకు ముందు తొట్టి విప్పి మడ్డి తీయించుట మేలు. ఫిల్టరు ఉన్నదికదా అని ఆయిలు మార్చుట మానరాదు. ఆయిలులో కరగిన ఆమ్లములను, పెట్రోలును అది తీయజాలదు. మార్చిన ఆయిలును కాలువలో పోయరాదు. మన ఊరి కాలువలన్నియు చేరునది పగడపు దిబ్బలున్న సముద్రమునకే.

ఇది కాలము చెల్లిన విద్య అని తలపకుడు. ఓడల పెద్ద డీజిలు ఇంజినులలో ఆయిలును కొంచెము కొంచెముగా తోడి, వేగముగా తిరుగు యంత్రములో నీటిని, మడ్డిని వేరుచేసి, మరల తొట్టిలోనికి పంపుదురు. పాలనుండి మీగడ తీయు యంత్రమునకు అది అన్నదమ్ముడు. పద్ధతి మాత్రము జీపులోని పక్కదారి పద్ధతియే. విశాఖపట్టణమునుండి మనలను, మన బంధువులను తెచ్చు ఓడ నడిసముద్రమున నమ్మికతో నడచుటకు ఇట్టి వడపోతయు ఒక కారణము.

మీలో ఎవరి ఇంటనైనను పాత జీపుగాని, కారుగాని ఉన్నచో ఈ ఆదివారము మూత ఎత్తి ఆ డబ్బాను ఒకసారి చూడుడు. దానికి రెండు గొట్టములు సరిగా తగిలించియున్నవో, ఎవరైన మెకానిక్కు ఏనాడో బిరడా బిగించి వదలినాడో తెలిసికొనుడు. పిల్లలనుకూడ దగ్గరకు పిలిచి చూపుడు.