పోస్ట్‌గ్రెస్ ప్యాచ్ వెంటనే వేయాలా, ఆగాలా?

"డేటాబేస్ బానే నడుస్తోంది కదా, ఇప్పుడెందుకు కదపడం?" ఈ మాట చాలా టీముల్లో వినిపిస్తుంది. నిజానికి పోస్ట్‌గ్రెస్‌లో మైనర్ ప్యాచ్‌కి డేటాని ఎటూ తరలించక్కర్లేదు. కొత్త ప్యాకేజీ వేసి, సర్వర్ రీస్టార్ట్ చేస్తే మామూలుగా సరిపోతుంది.

అయినా ఆ భయం ఊరికే రాలేదు. 2024 నవంబర్ 14న 17.1 వచ్చింది, సెక్యూరిటీ లోపాలు సరిచేస్తూ. అందులోనే లోపలి స్ట్రక్చర్ ఒకటి సైజు పెరిగింది. దాంతో పాత సైజుకి కంపైల్ అయిన టైమ్‌స్కేల్‌డీబీ లాంటి ఎక్స్‌టెన్షన్లకి క్రాష్ గండం! సరిగ్గా వారానికి, 21న, 17.2 వదిలారు. డబ్బులు కట్టి కొన్న సాఫ్ట్‌వేర్‌లో ఈ స్పీడ్ ఎన్నిసార్లు చూశారు?

అందుకే ముందు టెస్ట్ సర్వర్‌లో, మీ ఎక్స్‌టెన్షన్లన్నిటితో కలిపి నడిపి చూడండి. తర్వాత వేసేయండి, నెలలు నాన్చొద్దు. ఇంకా 12 మీదే ఉన్నవాళ్లూ, అదే 21న వచ్చిన 12.22 మీకు ఆఖరిది. ఇక ప్యాచ్‌లు రావు.