ముద్ద దిగట్లేదా? అన్నవాహికలో అరుదైన గడ్డలు ఎలా పెరుగుతాయి, ఎలా పాకుతాయి

ఈ ఎపిసోడ్ అద్దంకి వైపు వాళ్లందరి కోసం. మిర్చి, పత్తి పండించే ఇళ్లలో ఒక మాట తరచూ వినపడుతుంది: "కోతలు అయిపోనీ, అప్పుడు చూపించుకుంటాలే." మోకాలి నొప్పికైతే ఆ మాట చెల్లుతుందేమో. ముద్ద మింగడం కష్టమవుతుంటే మాత్రం చెల్లదు. ఎందుకో చెబుతా.

గొంతు నుంచి పొట్ట దాకా ఉండే గొట్టమే అన్నవాహిక. పెద్దవాళ్లలో సుమారు 25 సెంటీమీటర్లు ఉంటుంది. ముద్ద వస్తే సాగుతుంది, వెళ్లిపోగానే ముడుచుకుంటుంది. అసలు చిక్కు ఇక్కడే. లోపల గడ్డ పెరుగుతున్నా గొట్టం సాగి దారిస్తూనే ఉంటుంది. దారి బాగా ఇరుకైతే గానీ మనకి తెలీదు. ముందు మాంసం, రొట్టె అడ్డం పడతాయి. తర్వాత అన్నం. చివరికి నీళ్లు కూడా. ఈలోపు మన పెద్దవాళ్లు ఏం చేస్తారు? గ్యాస్ అనుకుని మాత్ర వేసుకుంటారు, రొట్టె మానేసి మజ్జిగన్నానికి, జావకి మారిపోతారు. అలా నెలలు గడిచిపోతాయి.

ఇక్కడ వచ్చే క్యాన్సర్లలో ఎక్కువ భాగం రెండు రకాలే: స్క్వామస్, అడినో. మన దేశంలో స్క్వామస్ ఎక్కువ. పొగాకు, మద్యం దానికి పెద్ద కారణాలు. ఈ రెండూ కాని గడ్డలు అరుదు. పైగా వాటిలో ఒకదాని గుణం ఇంకోదానికి ఉండదు.

ఒకటి, లియోమయోమా. ఇది గోడలోని కండరంలో పుడుతుంది. క్యాన్సర్ కాదు. ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతుంది, వేరే చోటికి పాకదు. ఇబ్బంది పెట్టకపోతే డాక్టర్లు గమనిస్తూ ఉంటారు. పెడితే గడ్డ వరకే తీసేస్తారు.

రెండు, జిస్ట్. ఇదీ గోడ లోపలే పుడుతుంది కాబట్టి చూపుకి లియోమయోమాలాగే ఉంటుంది. కానీ ఇది రక్తం ద్వారా కాలేయానికి చేరగలదు. చాలామందిలో దీనికి ఇమాటినిబ్ అనే మాత్ర పనిచేస్తుంది.

మూడు, స్మాల్ సెల్ క్యాన్సర్. చాలా వేగంగా పెరుగుతుంది. కనిపెట్టే సమయానికే చాలామందిలో లింఫ్ గ్రంథులకో, కాలేయానికో వెళ్లిపోయి ఉంటుంది. అందుకే దీనికి కీమోథెరపీ ముఖ్యం.

నాలుగు, మెలనోమా. చర్మానికి రంగునిచ్చే కణాలు కొందరిలో అన్నవాహికలోనూ ఉంటాయి. వాటి నుంచి పుట్టే గడ్డ ఇది. చాలా అరుదు, త్వరగా పాకుతుంది.

సరే, ఎలా పాకుతాయి? పొట్టకీ పేగులకీ బయట సెరోసా అనే పల్చటి పొర ఉంటుంది. అన్నవాహికకి దాదాపుగా అది లేదు. కాబట్టి గోడ దాటిన గడ్డ పక్కనున్న శ్వాసనాళం మీదికి నేరుగా వెళ్లగలదు. దగ్గర్లో ఉన్న స్వరపేటిక నరం నొక్కుకుపోతే గొంతు బొంగురు పోతుంది. ఇది ఒక దారి.

రెండో దారి లింఫ్ నాళాలు. లోపలి పొర కిందే ఇవి పొడవునా, పైకీ కిందికీ పరుచుకుని ఉంటాయి. అందుకే గడ్డ ఛాతీలో ఉన్నా, మెడలోనో పొట్ట పైభాగంలోనో గ్రంథి ఉబ్బొచ్చు. మూడో దారి రక్తం. కాలేయం, ఊపిరితిత్తులు, ఎముకలు దాని గమ్యాలు.

ఇప్పుడు అర్థమైందా, గడ్డ రకం తెలియడం ఎందుకంత అవసరమో? ఒకదానికి కేవలం గమనింపు చాలు, ఇంకోదానికి వారాలు కూడా వృథా చేయకూడదు. బయటి నుంచి చూసి ఎవరూ చెప్పలేరు. ఎండోస్కోపీ చేయాలి. లోపలి పొర మామూలుగా ఉండి గోడ ఉబ్బితే ఎండోస్కోపీతోనే అల్ట్రాసౌండ్ చేస్తారు. ముక్క తీయాలో వద్దో డాక్టర్ నిర్ణయిస్తారు. రిపోర్ట్ వచ్చాక "ఇది ఏ రకం? ఎక్కడిదాకా పాకింది?" అని ధైర్యంగా అడగండి.

అద్దంకి నుంచి ఒంగోలుకైనా గుంటూరుకైనా బస్సులున్నాయి. రెండు చోట్లా ప్రభుత్వ పెద్దాసుపత్రులున్నాయి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏది వర్తిస్తుందో అక్కడే కనుక్కోండి.

ఫ్రెండ్స్, మింగుడు పడకపోయిన ప్రతిసారీ గడ్డే అని భయపడొద్దు. వేరే కారణాలు చాలా ఉన్నాయి. కానీ రెండు మూడు వారాలైనా తగ్గకపోయినా, రోజురోజుకీ ఎక్కువవుతున్నా, బరువు తగ్గుతున్నా ఆగొద్దు. ఈ రాత్రి భోజనాల దగ్గర ఫోన్ పక్కన పెట్టి, నాన్నమ్మో తాతయ్యో ఎలా తింటున్నారో ఒకసారి చూడండి. ప్రతి ముద్దకీ నీళ్లు తాగుతున్నారా? అడగండి. కోతలు ఎలాగూ అవుతాయి, ముందు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఉంటాను మరి, బై.