నీటి ధార, సొంత కూలి

పంపు ఒత్తిడితో నీటిని సన్నటి ధారగా వదిలి పాచి, బురద, జిడ్డు వదిలించే పనే ప్రెషర్ వాషింగ్. బైకు సర్వీసింగ్ షాపుల్లో ఎప్పటినుంచో ఉన్న ఈ యంత్రం ఇప్పుడు డాబాల మీదికీ, అపార్ట్‌మెంట్ల పార్కింగ్‌లోకీ వచ్చింది. నేడు పట్టా అందుకున్న పాలిటెక్నిక్ విద్యార్థులు ఒంటిచేత్తో మొదలుపెట్టగల వృత్తుల్లో ఇది ఒకటి గనుక, ఈ సభలో చెప్పదగిన మాటలు దాని గురించే.

ఇంటి సింగిల్ ఫేజ్ కరెంటుతో నడిచే యంత్రాలు చాలావరకు 100 నుంచి 130 బార్ల ఒత్తిడినిస్తాయి. ఒత్తిడి మురికి పట్టు వదిలిస్తుంది, నీటి పరిమాణం దాన్ని కొట్టుకుపోయేలా చేస్తుంది. కొనేటప్పుడు రెండూ చూడాలి. నాజిళ్ల ధార కోణాన్ని రంగును బట్టి గుర్తుపడతారు: ఎరుపు 0 డిగ్రీలు, పసుపు 15, ఆకుపచ్చ 25, తెలుపు 40, నలుపు సబ్బునీళ్లకు. ఎర్ర నాజిల్ ధార సిమెంటు పూతను చెక్కేస్తుంది, చర్మంలోకీ దిగుతుంది. ఆ గాయం పైకి చిన్న చుక్కలా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

పిట్టగోడ మీది పాచి తీయాలంటే ముందు గోడ తడిపి, సబ్బునీళ్లు చల్లి కాసేపు నాననివ్వాలి. కంటబడని మూలన ఒకసారి పరీక్షించి, తెల్ల నాజిల్‌తో అడుగు దూరం నుంచి మొదలుపెట్టి, పైనుంచి కిందికి కడుగుతూ రావాలి. షాబాద్ బండల సందుల్లో ధార నిలిపితే సిమెంటు లేచిపోతుంది. సోలార్ ప్యానెళ్లకు ఈ ధార తగదు. బోరునీళ్లలోని ఇసుక పంపు సీళ్లను అరగదీస్తుంది కనుక ఫిల్టర్ ఉండాలి. కరెంటుకు ఎర్తింగ్, షాక్ నుంచి కాపాడే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. పని ముగిశాక మోటారు ఆపి, ట్రిగ్గర్ నొక్కి, హోస్‌లో మిగిలిన ఒత్తిడిని వదిలేయాలి.

ఇలా ఒంటిచేత్తో నడిపే ఏకవ్యక్తి వ్యాపారంలో చట్టం దృష్టికి మనిషీ వ్యాపారమూ ఒకటే. యజమాని పాన్ నంబరే వ్యాపారానికీ వర్తిస్తుంది. అప్పు మిగిలితే సొంత ఆస్తి నుంచే తీర్చాలి. చిన్న వ్యాపారాలకు 2020 జులై 1న మొదలైన ఉద్యమ్ నమోదు ఉచితం. సేవల వ్యాపారానికి తెలుగు రాష్ట్రాల్లో ఏడాది రాబడి 20 లక్షల రూపాయలు దాటేదాకా సాధారణంగా జీఎస్టీ నమోదు అక్కర్లేదు. ముద్ర పథకం కింద శిశు విభాగంలో 50 వేల వరకు, కిశోర్‌లో 5 లక్షల వరకు హామీ లేకుండా రుణం దొరుకుతుంది.

ఇన్ని తెలిసినవారు కూడా బోల్తాపడేది ధర చెప్పేచోటే. నిమిషానికి 8 లీటర్లు వదిలే 1.8 కిలోవాట్ల యంత్రం 3 గంటలు నడిస్తే 1,440 లీటర్ల నీళ్లు, సుమారు 5.4 యూనిట్ల కరెంటు ఖర్చవుతాయి. ఆ రెండూ ఇంటివారివే అయినప్పుడు తనకు ఖర్చే లేదనుకుని కుర్రవాడు నోటికొచ్చిన ధర చెప్పేస్తాడు. యంత్రం అరుగుదల ఎవరు కడతారు? బండి పెట్రోలు, చిరిగిన హోస్, వాన పడి పని ఆగిన రోజు ఎవరి ఖాతాలోకి పోతాయి? అన్నిటికీ ముందు, తన కూలి ఏది? తాపీమేస్త్రీ ఒక్కపూట కూలి కూడా వదులుకోడు. డిప్లొమా చదివిన బిడ్డ తన కూలిని సున్నా అని వేసుకుంటే ఆ చదువు ఎందుకు? ఇంట్లో అన్నం దొరికినన్నాళ్లూ ఈ తప్పు బయటపడదు. అప్పటిదాకా ఆ నష్టాన్ని అమ్మానాన్నలు మౌనంగా మోస్తుంటారు. ప్రతిభ ఉన్న పిల్లలు ఇలా ఊరికే అలిసిపోయి పని వదిలేయడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

దీనికి మందు క్రమశిక్షణే. వ్యాపారానికి వేరే బ్యాంకు ఖాతా తెరవాలి. అందులోంచి నెలకింత అని జీతం తీసుకోవాలి, మరమ్మతులకు కొంత పక్కన పెట్టాలి. దసరాకూ సంక్రాంతికీ ముందు, ఇళ్లకు రంగులు వేయించే రోజుల్లో వచ్చిన రాబడిని నీళ్లకు కటకటలాడే వేసవికి దాచుకోవాలి. పని ఒప్పుకునేముందు స్థలం కొలిచి, అప్పటికే ఉన్న పగుళ్లను ఇంటివారికి చూపి ఫొటో తీసి, చదరపు అడుగుకు ఇంత అని కాగితం మీద రాసివ్వాలి. ఆ ధరలో తన కూలి ఉందో లేదో చూసుకున్నాకే సంతకం పెట్టాలి.