ఇంటి కంప్యూటరు – చదువుల పీట



గ్రంథాలయ రజతోత్సవ సభలో కంప్యూటరును గూర్చిన ప్రసంగ మేల యని కొందరికి సందేహము కలుగవచ్చును. గ్రంథాలయోద్యమ చరిత్రమే దీనికి సమాధానము. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము స్థాపితమైన నాటినుండియు ఆ యుద్యమము పాఠకుని రమ్మని పిలిచి ఊరకుండలేదు. పుస్తకమునే పాఠకుని కడకు పంపినది. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువపై పడవలో గ్రంథములను పల్లెపల్లెకు త్రిప్పించిరి. నాటి పడవ చేసిన పనినే నేడు ఇంటనున్న కంప్యూటరు చేయగలదు. అయితే పడవకు సరంగు కావలసినట్లే, దీనిని సరిగా అమర్చువారు కావలయును.

2020 మార్చిలో పాఠశాలలు మూతపడినప్పుడు పాఠములు తెరలమీదికి వచ్చినవి. అనేక గృహములలో తెర యనగా తండ్రి జేబులోని ఫోను మాత్రమే. ఆయన పనినుండి వచ్చువరకు బిడ్డ కాచుకొనవలసి వచ్చెను. అన్నదమ్ము లుండిన ఇంట ఆడపిల్ల వంతు చివరిది. అట్టి రోజు మరల రాకుండునా యను ప్రశ్న అటుండగా, వచ్చినను చదువు ఆగకుండునట్లు చూచుకొనుట పెద్దల బాధ్యత.

ఇందులకు ఖరీదైన యంత్ర మవసరము లేదు. టిమ్ బెర్నర్స్‌లీ 1990లో జెనీవా చెంతనున్న సెర్న్ పరిశోధనశాలలో తొలి బ్రౌజరును నిర్మించెను. 1993లో ఆ సంస్థ ఆ విద్యను సర్వజనుల కుచితముగా విడిచిపెట్టెను. బ్రౌజరు కిటికీ వంటిది. పాఠము దూరముననున్న కంప్యూటరునుండి వచ్చి ఈ కిటికీలో తెరచుకొనును. కావున నాలుగు గిగాబైట్ల మెమరీ గల పాత యంత్రమైనను బిడ్డ చదువునకు చాలును. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ పోషణము ముగిసినందున అనేకులు తమ పాత యంత్రములు పనికిరావని తలచుచున్నారు. అది సరికాదు. వానిలో లినక్స్ మింట్ వంటి ఉచిత వ్యవస్థను వేసికొన్నచో అవి మరికొన్ని సంవత్సరములు సేవ చేయును.

ఇక అమర్చు క్రమము. మొదట విద్యుత్తు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను చేసిన విధ్వంసము ఈ ప్రాంతమువారు మరచునది కాదు. ఎర్తు తీగె సరిగానున్న ప్లగ్గును, చిన్న యు.పి.ఎస్. పెట్టెను ఏర్పరచుకొనవలెను. ఉరుము వినబడినప్పుడు ప్లగ్గు తీసివేయుట మేలు. యంత్రమును గదిమూలను గాక, ఇంటిల్లిపాదియు మసలు చోట గోడవైపు బల్లపై ఉంచవలెను. తెర అందరికి కనబడుటయే మొదటి కాపలా.

పిమ్మట తేదీని, గడియారమును చూడవలెను. ఇది అల్పవిషయముగా తోచును గాని, పాత యంత్రములలో లోపలి బిళ్ళ బ్యాటరీ క్షీణించినచో తేదీ వెనుకకు పోవును. అప్పుడు బ్రౌజరు సురక్షితమైన స్థలములను కూడ అనుమానించి తెరువ నిరాకరించును. నెట్టు చెడిపోయినదని భ్రమపడి డబ్బు పోగొట్టుకొనుటకు బదులు బ్యాటరీని మార్చిన సరిపోవును. తరువాత ఫైర్‌ఫాక్స్ లేదా క్రోము బ్రౌజరును తాజా రూపమునకు తెచ్చుకొని, బిడ్డకు వేరుగా ఒక ఖాతా తెరచి, చదువు స్థలములను గుర్తులుగా పెట్టవలెను. తెలుగు వ్రాతకు ఇన్‌స్క్రిప్టు కీబోర్డును నేర్పవలెను.

ఒక హెచ్చరిక. ఒకప్పుడు అనేక విద్యాక్రీడలు ఫ్లాష్ అను ఉపకరణముతో నడిచెడివి. 2020 డిసెంబరు 31తో దాని నిర్మాతలు దానికి స్వస్తి చెప్పిరి. ఆ పాఠములు పెక్కు మూగవోయినవి. నేడు ఏ తెరయైనను ఫ్లాషును దింపుకొమ్మని అడిగినచో అది మోసమని యెంచి మూసివేయవలెను.

ఏమి చదువవలెను? అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయమున 2002లో, నోబెల్ బహుమతి గ్రహీత కార్ల్ వైమన్ ప్రారంభించిన ఫెట్ ప్రయోగములలో పెక్కు తెలుగులో నున్నవి. విద్యుద్వలయమును కట్టుట, లోలకమును ఊపుట, భిన్నములను పంచుట బిడ్డ తన చేతితో చేసి చూడవచ్చును. 2017లో ప్రారంభమైన దీక్షా వేదికయందు పాఠ్యాంశములు కలవు. 2003లో ఆరంభమైన తెలుగు వికీపీడియా విజ్ఞానకోశముగా ఉపకరించును. బిడ్డ తన మాటలోనే చదువుకొనవలెనని ఈ ఉత్తరాంధ్రమున గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) తెలుగు బిడ్డల కొరకును, సవరల బిడ్డల కొరకును జీవితాంతము శ్రమించిరి. కంప్యూటరు ఎదుట కూర్చున్నంతమాత్రమున ఆ ధర్మము మారదు.

శృంగవరపుకోట తూర్పుకనుమల పాదమున నున్నది. కొండచాటు పల్లెలలో సంకేతము అందకుండుట కలదు. అందులకును ఉపాయ మున్నది. ఫెట్ ప్రయోగములను ఒకసారి దింపుకొని పెన్‌డ్రైవులో దాచినచో, నెట్టు లేకయే బ్రౌజరులో తెరచుకొనును. కివిక్స్ అను సాధనముతో వికీపీడియానే ఇంట నిలువచేయవచ్చును. కొలిబ్రి అను ఉచిత సాధనమున్న ఒక్క యంత్రము, చుట్టునున్న యంత్రములకు వైఫై ద్వారా పాఠములను అందించును. గ్రంథాలయము ఒక యంత్రమున వీనిని భద్రపరచి, పుస్తకమును ఎరువిచ్చినట్లు పెన్‌డ్రైవును ఎరువిచ్చినచో, నెట్టు లేని ఇంటి బిడ్డయు వెనుకబడదు. ఎస్. ఆర్. రంగనాథన్‌గారు 1931లో ప్రకటించిన గ్రంథాలయ సూత్రములలో ప్రతి పాఠకునికి తన పుస్తకము దొరకవలెననునది ఒకటి. ఆ సూత్రమునకు ఇది నేటి ఆచరణ.

చివరి మాట. యంత్రమును కొనుట ఒక దినపు పని; దానిప్రక్కన కూర్చుండుట నిత్యకృత్యము. తల్లికి ఇంగ్లీషు రాకపోవచ్చును, తండ్రికి మీటలు తెలియకపోవచ్చును. "ఈనాడు ఏమి చూచితివి, నాకు చెప్పుమా" అని యడుగుటకు ఆ రెండును అక్కరలేదు. ఆ ప్రశ్న వినబడు ఇంట పాత యంత్రమైనను పాఠశాల యగును. వినబడని ఇంట లక్ష రూపాయల యంత్రమైనను ఆటబొమ్మయే. కొడుకునకును కూతునకును ఆ పీటమీద సమానమైన గంట లభించునట్లు ప్రతి గృహస్థుడును నియమము చేసికొనుగాక! గ్రంథాలయము ఆ గృహములకు తోడునీడయై వర్ధిల్లుగాక!