రెండు ఆఫరు లెటర్లు

ఈ వారం మాటలు యౌవనస్థుల కోసం. అయినా తల్లిదండ్రులు రేడియో కట్టేయవద్దని మనవి.

గుంటూరు జిల్లా నుండి ఒక సహోదరి ఉత్తరం రాసింది. ఐదేళ్ల లా కోర్సు పూర్తి చేసింది. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి బిడ్డ ఆమే. తండ్రి కూలికి వెళ్తాడు. చదువుకు తెచ్చిన బ్యాంకు అప్పు అలాగే ఉంది. హైదరాబాదులో ఒక పెద్ద లా ఫర్మ్ అసోసియేట్‌గా రమ్మంది. అదే వారంలో గుంటూరులో సివిల్ కేసులు చూసే ఒక సీనియర్ లాయరు గారు తన దగ్గర జూనియర్‌గా చేరమన్నారు. ఆయన ఇస్తానన్నది ఫర్మ్ ఇచ్చేదానిలో ఐదో వంతు. ఆమె కోరికేమో జూనియర్ సివిల్ జడ్జి కావాలని. "వీటిలో ఏది దేవుని చిత్తమో చెప్పండి అయ్యగారూ" అని అడిగింది.

అమ్మా, ఆ మాట నేను చెప్పలేను. తలుపు తెరుచుకుంటే అదే దేవుని చిత్తమని మనవాళ్లు తేలికగా అనేస్తారు. నీకు రెండు తలుపులూ తెరిచే ఉన్నాయి గదా! ప్రార్థన చేయి. లేచి ఆ రెండు కాగితాలూ దగ్గర పెట్టుకుని చదువు.

ముందు జడ్జి పరీక్ష సంగతి. 2025 మే 20న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే న్యాయవాదిగా కనీసం 3 ఏళ్లు ప్రాక్టీసు ఉండాలని, ఆ లెక్క బార్ కౌన్సిల్‌లో తాత్కాలికంగా పేరు నమోదైన నాటి నుండి మొదలవుతుందని చెప్పింది. 10 ఏళ్ల అనుభవమున్న న్యాయవాది ఇచ్చిన సర్టిఫికెట్టు, దానిమీద న్యాయాధికారి ధృవీకరణ కావాలన్నది. తరువాత వచ్చిన ఉత్తర్వులు, హైకోర్టు నోటిఫికేషన్ కూడా అక్షరం వదలకుండా చూసుకో. గనుక నీవు ఏ ఆఫీసులో కూర్చుంటావన్నదానికంటే, కోర్టు హాలులో ఎన్నాళ్లు నిలబడతావన్నది నీకు ముఖ్యం.

లా ఫర్మ్ అంటే అంతా ఒకే పని కాదు. కొందరు కోర్టులకు వెళ్తారు. కొందరు రోజంతా కంపెనీల ఒప్పందాలు రాస్తారు. అదీ గౌరవమైన పనే, కాని జడ్జి కావాలనుకునే బిడ్డకు అది వేరే దారి. ఏ విభాగంలో వేస్తారో అడుగు. వకాల్తా మీద నీ పేరు ఉంటుందా అని అడుగు. ఇంకొకటి. బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం ప్రాక్టీసు చేసే న్యాయవాది పూర్తికాలపు జీతం ఉద్యోగిగా ఉండకూడదు. అందుకే ఫర్ములు చాలావరకు జీతమని గాక వృత్తి ఫీజు అని ఇస్తాయి. నీ కాగితంలో ఏ మాట రాశారో చూడు. పీఎఫ్ ఉందని సంతోషించి, ప్రాక్టీసు లెక్క పోగొట్టుకునేవు.

అలాగని సీనియర్ ఆఫీసు అంటేనే ధన్యమని నేననను. వాయిదా తేదీలు తెచ్చే పనిలోనే ఏళ్లు గడిచిపోయే జూనియర్లు ఉన్నారు. అక్కడ ఇప్పుడున్న జూనియర్‌ను టీ దగ్గర నెమ్మదిగా అడుగు: డ్రాఫ్టు రాయనిస్తారా, రాస్తే దిద్దుతారా, సాక్షిని ప్రశ్నించే అవకాశం ఎన్నో ఏట ఇచ్చారు? ఆడపిల్లవు, సాయంత్రం ఆఫీసు ఎన్ని గంటల వరకో కూడా అడుగు. సిగ్గుపడవద్దు.

ఇక డబ్బు. దాని గురించి ఆలోచిస్తే విశ్వాసం తగ్గినట్టని కొందరంటారు. నేను ఒప్పుకోను. అప్పు తీర్చడం నీతిగల పని. జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20,000, పల్లెల్లో 15,000 రూపాయలు ఇవ్వవలెనని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సర్క్యులర్ పంపింది. అది సలహాయే, బలవంతం లేదు. అయినా సీనియర్ గారి ముందు వినయంగా ఆ అంకె చెప్పవచ్చు. యాకోబు లాబాను ఇంట్లో నోటిమాట మీదే పనిలో కుదిరాడు. మామ తన జీతం పదిసార్లు మార్చాడని తరువాత భార్యలతో చెప్పుకోవలసి వచ్చింది. సొంత మేనమామే అట్లా చేశాడు! గనుక ఎంత ఇస్తారో, ఏ తేదీన ఇస్తారో కాగితం మీద అడుగు.

నా అభిప్రాయం అడిగితే ఇది. ఫర్మ్ వారు కోర్టు విభాగంలోనే వేస్తామని, న్యాయవాదిగానే ఉంచుతామని రాసిస్తే హైదరాబాదు వెళ్లు, అప్పు తీర్చు, ఏ అపరాధభావమూ వద్దు. ఒప్పందాల విభాగమే అంటే, బ్యాంకు వాయిదా కట్టి నీవు బ్రతకడానికి సరిపడేంత గుంటూరు సీనియర్ గారు ఇవ్వగలరేమో చూడు. ఇవ్వగలిగితే అక్కడే చేరు. అదీ కుదరకపోతే, ఫర్మ్‌లో అప్పు తీరేదాకా ఉండి, ఆ తరువాత కోర్టుకు రావచ్చు. నీ మూడేళ్ల లెక్క ఆలస్యంగా మొదలవుతుంది, అంతే.

తల్లిదండ్రులారా, "పక్కింటి అబ్బాయికి ఎంత వస్తుంది" అనే మాట ఈ నెల రోజులు ఇంట్లో ఎత్తకండి.

చివరగా ఒక చిన్న పని, అమ్మా. ఏదో ఒకటి నిర్ణయించుకున్న రోజే రెండో వారికి ఫోన్ చేసి, కృతజ్ఞతలు చెప్పి, రాలేనని చెప్పు. ఆ కుర్చీ కోసం ఇంకొక బిడ్డ కనిపెట్టుకుని ఉండవచ్చు.