వేగానికి ముందు సన్నద్ధత

(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

డెబ్బది అయిదేళ్ళ పండుగనాడు మాతృభాషను గురించో, గురుభక్తిని గురించో ప్రసంగించడం ఆనవాయితీ. ఈ సభకు మోటారు కార్ల పందెం ప్రసంగాంశం కావడం కొందరికి వింతగా తోచవచ్చు. కాని సాయంకాలం బడి గంట మోగిన తరువాత పిల్లల సంభాషణ ఏ విషయం మీద సాగుతున్నదో గేటు దగ్గర నిలబడిన తల్లిదండ్రులకు తెలియనిది కాదు. బండ్లూ వేగమూ వారి మనస్సులను ఆకర్షిస్తున్నాయి. పిల్లలకు ఇష్టమైన విషయాన్ని నిషేధించడం కన్న, దానిలోని మంచిచెడ్డలను విప్పి చూపడమే విద్య చేయవలసిన పని. పైగా ఈ క్రీడ చెన్నపట్నానికి కొత్తది కాదు. దక్షిణాదిన స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ దీనితో అనుబంధం ఉన్నది.

ఆ అనుబంధానికి మూలం కోయంబత్తూరు ప్రాంతంలో కనిపిస్తుంది. 1893లో అక్కడి తెలుగు కుటుంబంలో జన్మించిన జి.డి. నాయుడు పేరు చాలామంది విన్నదే. యువకుడుగా ఉన్నప్పుడు ఒక ఆంగ్లేయ అధికారి మోటారు సైకిలును చూసి ముగ్ధుడైన ఆయన, హోటలులో సర్వరుగా పనిచేసి డబ్బు కూడబెట్టి దానిని కొన్నారు. కొన్న తరువాత ఊరేగలేదు. దానిని ఊడదీసి, ఒక్కొక్క భాగాన్ని పరిశీలించి, తిరిగి బిగించి, యంత్రవిద్యను తనకు తానే నేర్చుకున్నారు. 1920లో పొళ్ళాచ్చి, పళని పట్టణాల మధ్య బస్సు నడిపారు. నడపడానికి ముందు తెలుసుకోవాలన్న ఆ బుద్ధి ఆ ప్రాంతంలో ఒక సంప్రదాయంగా వేళ్ళూనుకున్నది.

ఆ సంప్రదాయానికి వారసుడనదగినవారు సుందరం కరివర్ధన్. 1954లో, లక్ష్మీ మిల్లులను స్థాపించిన జి. కుప్పుస్వామి నాయుడి వంశంలో జన్మించారు. నూలు మిల్లులు ఆయన కుటుంబ వృత్తి. కార్లు ఆయన ప్రాణం. పందెం ఆయనకు జీవనోపాధి కాదు. ఆ అర్థంలో ఆయన సంపూర్ణంగా ఔత్సాహికుడు. కారును తానే తయారు చేసుకొని, తానే నడిపేవారు. ఆ రోజులలో దక్షిణాది పందెగాళ్ళందరికీ గమ్యస్థానం షోలవరం.

చెన్నై నుండి నెల్లూరు వెళ్ళే దారి తెలిసినవారికి రెడ్‌హిల్స్ దాటిన తరువాత వచ్చే షోలవరం తెలిసే ఉంటుంది. నగరానికి మంచినీరు ఇచ్చే చెరువు పేరుగానే నేటి పిల్లలు దానిని ఎరుగుదురు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అక్కడ విమానాల కొరకు వేసిన రన్‌వే యుద్ధం ముగిశాక నిరుపయోగంగా పడి ఉన్నది. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఆ రన్‌వేను పందెపు బాటగా మలచుకొన్నది. ఆంగ్ల అక్షరం 'టి' ఆకారంలో ఉన్న ఆ బాట మీద మూడు దశాబ్దాలకు పైగా పోటీలు జరిగాయి. అంబాసిడర్లు, ఫియట్లు, మద్రాసు శివార్లలోనే తయారైన స్టాండర్డ్ హెరాల్డులు, అనగా వారమంతా ఆఫీసుకు పోయి వచ్చే కార్లే, కొద్ది మార్పులతో అక్కడ పందెపు గుర్రాలయ్యేవి. 1990లో క్లబ్ తన సొంత ట్రాకును శ్రీపెరంబుదూర్ సమీపంలోని ఇరుంగాట్టుకోట్టైలో ప్రారంభించింది. దాని చుట్టుకొలత సుమారు 3.7 కిలోమీటర్లు, మలుపులు 12.

కరివర్ధన్ గొప్పతనం తాను గెలిచిన పందేలతో ముగియదు. విదేశీ కారు కొనగలిగినవాడే గెలిచే ఆటలో ప్రతిభకు స్థానమెక్కడ అన్న ప్రశ్నకు ఆయన చేతలతో సమాధానమిచ్చారు. మారుతి 800 కారులోని 796 సీసీల మూడు సిలిండర్ల ఇంజనును తీసుకొని, ఒక్కరే కూర్చొనగల పందెపు కారును రూపొందించారు. 1988లో ఆరంభమైన ఆ శ్రేణికి ఫార్ములా మారుతి అని పేరు. అందరి ఇంజనూ ఒకటే కావడం వలన తేడా నడిపేవాని నేర్పులోను, కారును సిద్ధం చేసే శ్రద్ధలోను మాత్రమే ఉంటుంది. విడిభాగాలు చెన్నై జనరల్ ప్యాటర్స్ రోడ్డు అంగళ్ళలో సామాన్యునికి దొరికేవే. ఆ కార్లలో తొలి పాఠాలు నేర్చిన నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్ పందెంలో పాల్గొన్న ప్రథమ భారతీయుడయ్యారు. చెన్నై యువకుడు కరుణ్ చందోక్ కూడ ఫార్ములా మారుతితో ఆరంభించి 2010లో ఆ స్థాయికి చేరారు. అది చూడడానికి కరివర్ధన్ లేరు. 1995లో విమాన ప్రమాదంలో, నలభై ఏళ్ళు దాటీ దాటకముందే, ఆయన కన్నుమూశారు. కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వే ఆయన పేరును నిలుపుతున్నది.

ఇక క్లబ్ పోటీకి ఒక ఔత్సాహికుడు ఎట్లా సిద్ధమవుతాడో చూద్దాం. పిల్లలు శ్రద్ధగా వినవలసినది ఇదే.

వారం రోజులు కార్యాలయంలోనో అంగడిలోనో పనిచేసినవాడు రాత్రివేళ షెడ్డులో దీపం వెలిగిస్తాడు. మొదట బరువు తీసివేస్తాడు. వెనుక సీటు, చాపలు, స్టెప్నీ, జాకీ, పందేనికి అక్కరలేనివన్నీ బయటకు పోతాయి. తరువాత తన రక్షణకు కావలసిన బరువును ఎక్కిస్తాడు. కారు పల్టీ కొట్టినా పైకప్పు కుంగకుండ లోపల ఇనుప గొట్టాల చట్రం, భుజాలనూ నడుమునూ బిగించే బెల్టులు, నిప్పునార్పే సాధనం, వెలుపలి నుండి కూడ ఇంజనును ఆపగల స్విచ్చి అమరుస్తాడు. దీపాల అద్దాలకు టేపు అంటిస్తాడు. తన కారు అద్దం పగిలి పెంకులు బాట మీద చెదిరితే వెనుక వచ్చేవాని టైరు కోసుకుపోకూడదు గదా!

ఇంజను కన్న ముందు అతడు బ్రేకులు చూస్తాడు. బ్రేక్ ఆయిలుకు గాలిలోని తేమను పీల్చుకొనే గుణం ఉన్నది. చెన్నై వంటి సముద్రతీర నగరంలో తేమకు కొదవ లేదు. తేమ చేరిన నూనె తక్కువ వేడికే మరిగి, దానిలో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కుడుకు కుంచించుకు పోదు, ఆవిరి పోతుంది. అందుచేత మలుపు ముందు కాలు బలంగా వేసినా పెడలు నేలను తాకుతుందే గాని కారు ఆగదు. ఇది తెలిసినవాడు పాత నూనె తీసి కొత్తది పోయకుండ పందేనికి బయలుదేరడు. ఇంజను అడుగున ఆయిలు బోల్టు అదురుకు వదులు కాకుండ సన్నని తీగతో కట్టి ఉంచుతాడు. బిగించిన ప్రతి నట్టు మీద రంగు గీత గీస్తాడు. గీత చెదిరితే నట్టు కదిలిందన్నమాట. టైర్లలో గాలి కొంచెం తక్కువగానే పెడతాడు. ఎండకూ రాపిడికీ వేడెక్కి అదే పెరుగుతుంది. చేసిన ప్రతి పనినీ నోటు పుస్తకంలో వ్రాసుకుంటాడు.

మన విజ్ఞానశాస్త్ర తరగతిలోని గతిశక్తి పాఠం ఇక్కడ ప్రాణం పోసుకుంటుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బ్రేకు పట్టిన తరువాత 18 మీటర్లలో ఆగే కారు, 120 కిలోమీటర్ల వేగంలో 36 మీటర్లలో ఆగదు. 72 మీటర్లు కావాలి. వేగం రెట్టింపయితే ఆగే దూరం నాలుగింతలు. ఈ లెక్క తెలిసినవాడు కనుకనే పందెగాడు మలుపులోనికి నెమ్మదిగా ప్రవేశించి వేగంగా వెలువడడం సాధన చేస్తాడు.

పోటీనాడు కారు ముందుగా తనిఖీ అధికారుల ముందు నిలవాలి. వారు బెల్టు లాగి చూస్తారు, హెల్మెట్ పరీక్షిస్తారు, కారు కిందికి వంగి చూస్తారు. లోపం కనబడితే ఎంతటి పేరున్నవానినైనా వెనుకకు పంపుతారు. జవాబు పత్రం దిద్దే ఉపాధ్యాయునితో వాదించే విద్యార్థి ఉండవచ్చు గాని, మంచి పందెగాడు తనిఖీదారుతో వాదించడు. తన కన్ను చూడని దానిని మరొక కన్ను చూచినందుకు కృతజ్ఞుడవుతాడు.

తరువాత అభ్యాసపు చుట్లు, ఎవరు ముందు నిలవాలో నిర్ణయించే చుట్లు, ఆపైన పందెం. బాట పొడవునా జెండాలు పట్టుకొని మార్షల్స్ నిలబడి ఉంటారు. పసుపు జెండా ముందు ప్రమాదమున్నదనీ, దాటిపోరాదనీ చెప్తుంది. నీలిజెండా వెనుక వేగవంతుడు వస్తున్నాడంటుంది. ఎర్రజెండా పందేన్ని ఆపుతుంది. వీటన్నిటిలో కఠినమైనది నారింజ వలయం గల నల్లజెండా. 'నీ కారులో లోపమున్నది, బాట వదలి పిట్‌లోనికి రా' అని దాని భావం. ముందు వరుసలో దూసుకుపోతున్నవానికి తన వెనుక నూనె కారుతున్నట్టు తెలియదు, మార్షల్‌కు కనబడుతుంది. నెలల శ్రమ, ఖర్చు, గెలుపు ఆశ అన్నీ ఆ క్షణాన విడిచిపెట్టి పిట్‌లోనికి మళ్ళాలి. ఆ నూనె మీద జారి మరొకడు ప్రమాదంలో పడకూడదు గనుక అతడు మళ్ళుతాడు. గళ్ళ జెండా కింద మొదట దాటినవానిని లోకం వీరుడంటుంది. నల్లజెండా చూసి మళ్ళినవాడు కూడ వీరుడేనని ఈ పాఠశాల పిల్లలు గ్రహించాలి.

ఇంత చేసినా ఆపద పూర్తిగా తొలగదు. 2023లో ఇరుంగాట్టుకోట్టై బాట మీదనే జనవరిలో ఎంతో అనుభవం గల కారు పందెగాడు ఒకరు, ఆగస్టులో పదమూడేళ్ళ మోటారు సైకిలు పందెగాడు ఒకడు మరణించారు. రెండు సందర్భాలలోను మిగిలిన పోటీలను రద్దు చేశారు. ఆ తల్లిదండ్రుల దుఃఖాన్ని తలచుకొంటే మాట పెగలదు. ఈ క్రీడను పొగడే ప్రసంగం ఈ నిజాన్ని దాచరాదు.

మరి తనిఖీ ఉన్నచోట, అంబులెన్సు సిద్ధంగా ఉన్నచోట, అందరూ ఒకే దిక్కుగా పోయే బాట మీదనే ఇట్లా జరిగితే, వృద్ధులు దాటే, బిడ్డలు నడిచే బీచ్ రోడ్డు మీద రాత్రివేళ మోటారు సైకిళ్ళ పందేలు వేసే పిల్లలను ఏమనాలి? వారి బ్రేకులను ఎవరు పరీక్షించారు? వారికి నల్లజెండా చూపేవారెవరు? 2022లో మన దేశపు రహదారుల మీద 1,68,491 మంది మరణించినట్లు కేంద్ర ప్రభుత్వ నివేదిక తెలిపింది. ఆ మరణాలకు అతివేగమే ప్రధాన కారణం. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, మైనరు బాలుడు బండి నడిపి నేరం చేస్తే తండ్రికి లేక సంరక్షకునికి మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జుర్మానా పడవచ్చు. ముద్దుతో తాళంచెవి అందించే తల్లిదండ్రులు ఈ మాటను ఇంటికి తీసుకువెళ్ళాలి. జైలు సంగతి అటుంచి, ఆ బిడ్డ ఇంటికి తిరిగి రావడమే అన్నిటికన్న ముఖ్యం గదా!

విద్యార్థులారా! వేగాన్ని ప్రేమించడం తప్పు కాదు. ప్రేమిస్తే జి.డి. నాయుడు వలె దానిని ఊడదీసి చూడండి. భౌతికశాస్త్రం చదవండి, స్పానరు పట్టండి, నూనె మరకలకు వెనుదీయకండి. కరివర్ధన్ వలె, మీకు లభించినదానిని మీ తరువాతివారికి అందుబాటులోనికి తేగల ఆలోచన చేయండి. వయస్సు వచ్చిన తరువాత, తగిన బాట మీద, తగిన పెద్దల పర్యవేక్షణలో, తనిఖీకి తలవంచి నడపండి. పూర్వ విద్యార్థులలో ఇంజనీర్లు, మెకానిక్కులు అనేకులున్నారు. నెలకు ఒక శనివారం పాత ఇంజను ఒకటి తెచ్చి, ఈ ఆవరణలో పిల్లల చేత విప్పించి బిగింపించగలిగితే, ఈ ఉత్సవానికి అంతకు మించిన కానుక ఉండదు.

పరీక్ష హాలులోనైనా, పందెపు బాట మీదనైనా ఫలితం ఒక్క పూటలో వెలువడుతుంది. సన్నద్ధత మాత్రం అనేక రాత్రుల కృషి. డెబ్బది అయిదేళ్ళుగా ఈ పాఠశాల పిల్లలకు అలవరచుతున్నది ఆ సన్నద్ధతనే. ఇకముందు కూడ ఆ దీపం ఇక్కడ వెలుగుతూనే ఉండుగాక!

అందరికీ శుభం భూయాత్.