పవర్ స్టీరింగ్ పైపు – దాని దారి
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఉపన్యాసాలు రావు. ఇ.ఎం.ఇ.లో బండ్లు రిపేరు చేసి రిటైరైనవాణ్ణి. అందుకని నాకు తెలిసిన ఒక చిన్న వస్తువు గురించి చెప్తాను. అది కారులోని పవర్ స్టీరింగ్ హోస్ పైపు. మూరెడు పైపు గురించి ఏం చెప్తాడులే అనుకోకండి.

2016 వేసవిలో నా పాత డీజిల్ కారులో హైదరాబాద్ నుంచి శ్రీశైలం బయల్దేరాం. పైపు చెమరుస్తోందని రెండ్రోజుల ముందే ఒక గ్యారేజీలో కొత్తది వేయించాను. దోమలపెంట దాటి డ్యాం వైపు దిగుతుండగా ఒక మలుపులో స్టీరింగ్ ఒక్కసారిగా రాయిలా బిగిసింది. "ఏమండీ, పొగ!" అని మా ఆవిడ అరిచింది. రెండు చేతులా బలంగా తిప్పి, బండి పక్కకు ఆపి, వెంటనే ఇంజన్ కట్టేశాను. అందరినీ దించి దూరంగా నిలబెట్టాను. కాసేపాగి బానెట్ ఎత్తి చూస్తే, పైపు ఎగ్జాస్ట్‌కి ఆనుకుని కాలి చిట్లింది. ఆయిల్ వేడి ఇనుము మీద పడి పొగలొస్తున్నాయి. మంట అంటుకోలేదు, దేవుడి దయ.

పైపు కొత్తదే, మంచిదే. తప్పల్లా దాన్ని వేసిన దారిలో ఉంది. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది అదే.

ఇంజన్ బెల్టుతో తిరిగే పంపు ఆయిల్‌ను స్టీరింగ్ ర్యాక్‌కు తోస్తుంది. తిన్నగా పోతున్నప్పుడు ఒత్తిడి తక్కువే. చక్రం చివరిదాకా తిప్పితే చాలా కార్లలో అది సుమారు 80 నుంచి 120 బార్ వరకు పోతుంది. కారు టైరులో గాలి సుమారు 2 బార్ అని గుర్తు పెట్టుకుంటే, ఎంత తేడానో మీకే తెలుస్తుంది.

మరి అంత ఒత్తిడికి మొత్తం ఇనుప గొట్టమే వేయొచ్చు కదా? కుదరదు. పంపు ఇంజన్‌తో పాటు ఊగుతుంది. ర్యాక్ బాడీ వైపు బిగించి ఉంటుంది. ఈ రెంటి మధ్య వంగేది ఏదో ఒకటి ఉండాలి. పైగా రబ్బరు కొంచెం ఉబ్బి పంపు కొట్టే దెబ్బలను, మోతను మింగేస్తుంది. అందుకే లోపల ఆయిల్‌కు పాడవని రబ్బరు, మధ్యలో నైలాన్ దారం అల్లిక, పైన వేడికీ రాపిడికీ తట్టుకునే రబ్బరు పెడతారు. కొసలకు ఇనుప గొట్టాలు ప్రెస్సుతో బిగిస్తారు. అక్కడ మామూలు క్లిప్పు వేసి సర్దుకుందామంటే ఆగదు.

ఇక దారి విషయం. మొదటిది, పైపు తీగలా బిగుసుకుని ఉండకూడదు, ఇంజన్ ఊగడానికి కాస్త వదులు కావాలి. రెండోది, మెలి పడకూడదు. పైపు పొడుగునా గీత ఉంటే అది తాడు పురిలా తిరిగిందేమో చూడండి. బిగించేటప్పుడు ఒక స్పానర్‌తో పట్టుకుని, రెండో స్పానర్‌తో తిప్పాలి. మూడోది, ఇనుప కొస దగ్గరే వంపు తిప్పకూడదు, కొంత తిన్నగా వచ్చాకే వంచాలి. నాలుగోది, ఎగ్జాస్ట్‌కూ బెల్టుకూ దూరంగా ఉండాలి. కంపెనీ ఇచ్చిన క్లిప్పులు, వేడి తొడుగు తిరిగి వేయాల్సిందే. నా కారులో పైపు మెలి పడింది, క్లిప్పు లేదు. ఇంజన్ ఊగినప్పుడల్లా అది ఎగ్జాస్ట్ వైపు జరిగింది.

పంపుకు ఆయిల్ వచ్చే పైపు ఒత్తిడి లేనిదే గాని, అది నొక్కుకున్నా గాలి పీల్చినా ఆయిల్ నురగ కట్టి పంపు మూలుగుతుంది.

ఒక హెచ్చరిక. ఇంజన్ నడుస్తుండగా లీకు కోసం చేత్తో తడమకండి. సన్నని ధార చర్మంలోకి దిగితే ప్రమాదం. అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. చక్రం చివరిదాకా తిప్పి అలాగే పట్టుకోకండి, ఆయిల్ కాగిపోతుంది. పైపు పగిలినా చక్రానికీ ర్యాక్‌కూ ఇనుప సంబంధం తెగదు. స్టీరింగ్ బరువెక్కుతుంది అంతే, కంగారు పడకుండా బలంగా తిప్పండి. ముందు బండి ఆపి, ఆ తర్వాతే ఇంజన్ కట్టండి.

ఇప్పటి కొత్త కార్లలో చాలావాటికి కరెంటు స్టీరింగే, ఈ పైపులు లేవు. కాని మన పెన్షనర్ల ఇళ్ల ముందు పాత బండ్లు ఇంకా ఉన్నాయి.

చివరిగా ఒక మాట ఒప్పుకోవాలి. తప్పంతా ఆ గ్యారేజీ కుర్రాడిదే అని నేను అనలేను. సర్వీసులో నా కింద క్రాఫ్ట్స్‌మన్ చేసిన పనిని వంగి చూడకుండా ఏనాడూ సంతకం పెట్టలేదు. నా భార్యాపిల్లలను ఎక్కించుకునే బండి దగ్గర మాత్రం బల్ల మీద కూర్చుని టీ తాగాను. మీరు అలా చేయకండి. బండి తీసుకునే ముందు బానెట్ ఎత్తించి, ఇంజన్ నడిపిస్తూ చక్రం ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పించి, ఆ పైపు దేనికైనా ఆనుతోందేమో మీ కళ్లతో మీరు చూసుకోండి. రెండు నిమిషాల పని.

సెలవు. జై హింద్.